బెంచీల లెక్క కన్నా ముందు బూడిద లెక్క

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం రింగు దగ్గరికి వచ్చేసరికి చిమ్నీలు కనిపిస్తాయి. ఊళ్లో వాళ్లకు అది వీటీపీఎస్. కాగితాల్లో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. 1979లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ మొదలైంది. అలాంటివి ఆరు పూర్తయ్యాక 500 మెగావాట్ల ఏడోది, 2023 చివర్లో 800 మెగావాట్ల ఎనిమిదోది కలిశాయి. మొత్తం 2,560 మెగావాట్లు.

ఇంత పెద్ద విద్యుత్ కేంద్రం పక్కన ఉన్న ఊళ్లలో కంపెనీ సామాజిక బాధ్యత అనగానే బడికి బెంచీలు, మంచినీళ్ల ప్లాంటు, కంటి శిబిరం గుర్తుకొస్తాయి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ బొగ్గు కాల్చే సంస్థ బాధ్యతను కొలవడం మొదలుపెట్టాల్సింది బూడిద దగ్గర. ఆ తర్వాత నీళ్లు, పొగ. బెంచీలు ఆ తర్వాతే. ఈ వరస ఎందుకో చట్టంలోనే ఉంది.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. అంటే లెక్క లాభం మీద. మూడేళ్లు కలిపి నష్టమే ఉంటే ఆ 2 శాతం దేని మీద? ఏమీ లేదు. కంపెనీ ఎంత పెద్దదైనా ఆ ఏడాది చట్టప్రకారం పెట్టాల్సింది సున్నా. బూడిదకు మాత్రం లాభనష్టాలు తెలియవు. బొగ్గు కాలిన రోజల్లా అది వస్తూనే ఉంటుంది. అందుకే బూడిద మీద బాధ్యతను చట్టం లాభంతో ముడిపెట్టలేదు.

ఇంకో సంగతి. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని, చట్టం ఎలాగూ చెయ్యమన్న పనిని సామాజిక బాధ్యత ఖాతాలో రాయకూడదు. బూడిద చెరువు మీద నీళ్లు చల్లడం, ప్లాంటు ఆవరణలో చెట్లు పెంచడం, చిమ్నీలో దుమ్ము పట్టే యంత్రం బాగు చేయించడం పర్యావరణ అనుమతి షరతులు. అవి సేవా కార్యక్రమాలు కావు. వార్షిక నివేదికలో ఈ రెండూ ఒకే పేజీలో కలిసి కనిపిస్తే రెండు రంగుల పెన్నులతో విడదీసి చదవండి. నివేదిక సగానికి సగం తేలికవుతుంది.

ఇక బూడిద ఎంత వస్తుందో చూద్దాం. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.65 నుంచి 0.7 కిలోల బొగ్గు కాలుతుంది. అంటే మన ఇంట్లో ఒక యూనిట్ కాలితే అక్కడ దాదాపు పావు కిలో బూడిద రాలినట్టు. 2,560 మెగావాట్ల కేంద్రం 70 శాతం లోడు మీద నడిచిందనుకుంటే రోజుకు 4.3 కోట్ల యూనిట్లు. దానికి 29 వేల టన్నుల బొగ్గు, 35 శాతం చొప్పున 10 వేల టన్నుల బూడిద. 25 టన్నుల లారీలైతే రోజుకు 400. ఇది చేతిలెక్కే. బొగ్గు రకాన్ని బట్టి, లోడును బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా మనం మాట్లాడుతున్నది ఏ స్థాయి సంగతో దీంతో తెలుస్తుంది.

ఈ బూడిదలో 80 శాతం దాకా పొగతో పాటు ఎగిరే మెత్తటి రకం, ఫ్లై యాష్. చిమ్నీకి ముందు ఈఎస్పీ అనే విద్యుత్ యంత్రం దాన్ని పట్టి హాపర్లనే గరాటు తొట్లలోకి రాలుస్తుంది. మిగతా 20 శాతం బాయిలర్ అడుగున పడే ముతక రకం, బాటమ్ యాష్. ఫ్లై యాష్‌ను పొడిగానే సైలో అనే ఎత్తైన గాదెలోకి ఊది, మూత ఉన్న ట్యాంకరు లారీల్లో నింపి సిమెంటు ఫ్యాక్టరీకి పంపితే అది సరుకు. పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం ఇదే ఉంటుంది. అదే ఫ్లై యాష్‌ను నీళ్లతో కలిపి పైపుల్లో బూడిద చెరువుకు తోస్తే భారం అవుతుంది. పొడిగా పట్టిన దాని నాణ్యత చెరువులో పడ్డాక తిరిగి రాదు. ముతకా మెత్తనా కలిసిపోతాయి, తడి ఎక్కుతుంది. కాబట్టి ఏ విద్యుత్ సంస్థనైనా అడగాల్సిన మొదటి ప్రశ్న మొత్తం బూడిదలో పొడిగా ఎత్తింది ఎంత, చెరువుకు పోయింది ఎంత అని. ‘వంద శాతం వినియోగం’ అన్న ఒక్క అంకె ఆ తేడాను దాచేస్తుంది.

కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31న ఇచ్చిన నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన బూడిదలో కనీసం 80 శాతం ఆ ఏడాదే వాడాలి, మూడేళ్ల చక్రం ముగిసేసరికి నూరు శాతం కావాలి. వెనకబడిన కేంద్రాలకు మొదటి చక్రంలో మాత్రం ఒకటి రెండేళ్లు అదనంగా ఇచ్చారు. గడువు దాటినా వాడకుండా మిగిలిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి. లక్ష టన్నులు మిగిలితే 10 కోట్లు. మన కేంద్రం లెక్కలో లక్ష టన్నులంటే పది రోజుల ఉత్పత్తి. చెరువుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న పాత బూడిదకు వేరే లెక్క ఉంది, దాన్ని పదేళ్లలో వాడి తీర్చాలి. కొత్త బూడిద శాతం చెప్పి పాత గుట్ట సంగతి వదిలేసిన నివేదిక సగం నివేదికే.

ఈ బూడిద మన ఇళ్లకు చేరే దారి ఇటుక. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతి విశాఖపట్నంలోనే పుట్టింది. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దాన్ని రూపొందించారు. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది సున్నం బదులు సిమెంటు వేసే రకం. దీని లెక్క కాస్త వివరంగా చెబుతాను. బూడిద ఇటుకకు చెడ్డపేరు వచ్చిన ప్రతిచోటా తప్పు బూడిదది కాదు, లెక్కది.

230 × 110 × 75 మిల్లీమీటర్ల ఇటుక బరువు 3 కిలోల పైచిలుకు ఉంటుంది. వెయ్యి ఇటుకలకు దాదాపు 3.2 టన్నుల సరుకు కావాలి. అందులో బూడిద 55 శాతం, అంటే 1.75 టన్నులు. క్రషర్ డస్ట్ 35 శాతం, 1.1 టన్నులు. సిమెంటు 10 శాతం, 320 కిలోలు, అంటే ఆరున్నర బస్తాలు. పోటీలో ధర తగ్గించాలంటే తయారీదారు చెయ్యి ముందు పడేది సిమెంటు మీదే. ఆరున్నర బస్తాలు నాలుగైతే అది 6 శాతం. ఇటుక బయటికి అలాగే కనిపిస్తుంది, మూల మాత్రం గోటితో గీరితే రాలుతుంది.

రెండో తప్పు క్యూరింగ్. బూడిదలోని సిలికా తనంతట తాను గట్టిపడదు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు విడుదలయ్యే సున్నంతో నెమ్మదిగా కలిసి బలం ఇస్తుంది. ఈ పని వారాల తరబడి సాగుతుంది, సాగినన్నాళ్లూ తడి ఉండాలి. అచ్చు తీశాక ఒకటి రెండు రోజులు నీడన ఆరనిచ్చి, ఆ తర్వాత కనీసం 14 రోజులు, వీలైతే 21 రోజులు నీళ్లు పెట్టాలి. మే నెలలో బెజవాడ ఎండకు ఇటుకల దొంతి రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. పొద్దున ఒకసారి చల్లి వదిలేస్తే చాలదు. గోనె పట్టాలు కప్పి రోజుకు మూడుసార్లు తడపాలి. వారం రోజుల ఇటుకను లారీ ఎక్కిస్తే దించేటప్పుడే మూలలు విరుగుతాయి. కట్టాక కుంచించుకుపోయి ప్లాస్టరింగ్‌లో వెంట్రుక పగుళ్లు వస్తాయి. పగులు చూసి మేస్త్రీని తిట్టడం మామూలే, తప్పు చాలాసార్లు ఇటుకలు చేసిన ఆవరణలోనే జరిగి ఉంటుంది.

మూడో తప్పు బూడిద ఎంపిక. చెరువులో పైపు మూతి దగ్గర ముతక బూడిద పడుతుంది, మెత్తనిది దూరంగా కొట్టుకుపోయి నీళ్లు బయటికి తీసే బావి వైపు చేరుతుంది. మూతి దగ్గర ఎత్తిన లారీ రోడ్డు గట్టు నింపడానికి మేలు, ఇటుకకు కాదు. రంగు కూడా చూడాలి. లేత బూడిద రంగుంటే మంచిది. నల్లగా ఉంటే కాలని బొగ్గు ఎక్కువుందని అర్థం. సిమెంటులో కలిపే ఫ్లై యాష్‌కు ఐఎస్ 3812 ప్రమాణం దాన్ని, అంటే బూడిదను మళ్లీ కాల్చినప్పుడు తగ్గే బరువును, 5 శాతానికి పరిమితం చేసింది. కాలని బొగ్గు నీళ్లు పీల్చుకుంటుంది, బలం తగ్గిస్తుంది.

కొనేవాళ్లు ల్యాబ్ లేకుండా చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. నాలుగడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేస్తే ముక్కలు కాకూడదు. బాగా ఎండిన ఇటుకను తూచి 24 గంటలు నీళ్లలో ముంచి మళ్లీ తూచాలి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే నీటి పీల్పు 20 శాతం మించినట్టు, వద్దనండి. కట్టేటప్పుడు మట్టి ఇటుకలా గంటల తరబడి నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. సిమెంటు ఇసుక పాళ్లు ఒకటికి ఆరు, జాయింటు 10 మిల్లీమీటర్లు. ఇటుక ముఖం నునుపు కాబట్టి గోడ కట్టిన రోజే జాయింట్లు లోతుగా గీరి వదలాలి, అప్పుడే ప్లాస్టరింగ్ పట్టు దొరుకుతుంది. కాంక్రీట్ పిల్లరూ గోడా కలిసేచోట చికెన్ మెష్, అంటే సన్న తీగ వల, తప్పనిసరి.

ఈ శ్రమంతా ఎందుకంటే, కాల్చిన మట్టి ఇటుకలు వెయ్యి చెయ్యాలంటే మూడు టన్నుల పైగా పొలం మట్టి పోతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పైమట్టి ఎంత విలువైనదో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. 25 టన్నుల బూడిద లారీ ఒక్కటి 14 వేల ఇటుకలకు సరిపోతుంది. విద్యుత్ సంస్థ నిజంగా సేవ చెయ్యదలిస్తే చిన్న ఇటుకల యూనిట్లకు పొడి బూడిద వరస తప్పకుండా అందేలా చూడటం, కార్మికులకు మిక్సు పాళ్లలో శిక్షణ, నెలకోసారి నమూనా పరీక్ష చేయిస్తే చాలు. బెంచీ మీద పేరు రాయించుకున్నంత బాగా కనిపించదు గానీ పని పదింతలు చేస్తుంది.

రోడ్డు గట్లు ఇంకా పెద్ద వాడకం. 30 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున ఒక్క కిలోమీటరు గట్టు నింపితే 90 వేల ఘనపు మీటర్లు, అంటే లక్ష టన్నుల చుట్టుపక్కల. విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్ల పనుల్లో బూడిద వాడాలన్న నిబంధన ఉంది. పక్కలకు కనీసం ఒక మీటరు మందాన మట్టి కప్పి, పలచటి పొరలుగా పరిచి, తగిన తడితో వైబ్రేటరీ రోలర్ తిప్పాలి. మట్టి కప్పకుండా వదిలేస్తే మొదటి గట్టి వానకే గట్టు చారలు చారలుగా కోసుకుపోయి పంట కాలవలో కలుస్తుంది.

చెరువు సంగతి కట్ట పక్కన బతికేవాళ్లకు తెలియాల్సింది. బూడిద చెరువు కట్టను ఒకేసారి పూర్తి ఎత్తుకు కట్టరు. నిండేకొద్దీ లోపలి వైపు బూడిద మీదే తర్వాతి మెట్టు పోస్తారు. కాబట్టి నిలవ నీళ్లు కట్టకు దూరంగా ఉండటం ప్రాణం లాంటిది. నీళ్లు కట్టను ఆనుకుంటే లోపలి బూడిద నాని పట్టు తప్పుతుంది. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి ప్రాంతంలో 2019 ఆగస్టు నుంచి 2020 ఏప్రిల్ లోపు మూడు చెరువుల కట్టలు తెగి బూడిద పొలాల మీద పడింది, ఆఖరిదాంట్లో మనుషులు పోయారు. కట్ట పాదంలో ఊట కనిపిస్తే ముందు దాని రంగు చూడాలి. తేటగా సన్నగా కారితే ఫిల్టర్ గుండా వస్తున్న నీరు కావచ్చు, గమనిస్తూ ఉండాలి. మురికిగా, బూడిద రంగులో వస్తే లోపల కట్ట తొలుచుకుపోతోందని. అది రేపటికి వాయిదా వేసే ఫిర్యాదు కాదు, ఆ గంటలోనే ప్లాంటుకు, రెవెన్యూ వాళ్లకు చెప్పాలి. కట్ట మీద చెట్లు ఎదగడం, ఎలుక బొరియలు కూడా ఇలాంటి ప్రమాదాలే. వేళ్లు చచ్చాక ఆ దారినే నీళ్లు పోతాయి.

వేసవిలో ఇంకో బాధ. నీళ్లు తగ్గిన చెరువు పైపొర ఎండి, పడమటి గాలి లేచినప్పుడు మెత్తటి బూడిద ఊళ్ల మీదికి వస్తుంది. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద పడేది కనిపించే బూడిద. ఊపిరితిత్తుల్లోకి దిగేది కనిపించదు. పీఎం 10 అనే ఆ సన్న దుమ్ము 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం 2.5 అయితే 60 దాటకూడదని జాతీయ ప్రమాణం. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. వాడకంలో లేని భాగం మీద పలచగా నీళ్లు నిలపాలి, లేదా మట్టి కప్పి గడ్డి పెంచాలి. తవ్వుతున్న భాగంలో స్ప్రింక్లర్లు గాలి లేవకముందే, అంటే పొద్దునే మొదలవ్వాలి. లారీ అంచుకు అరడుగు కిందికే నింపి, తడిపి, టార్పాలిన్ నాలుగు పక్కలా బిగించి, చక్రాలు కడిగాక గేటు దాటనివ్వాలి. టార్పాలిన్ కప్పి చక్రాలు కడక్కపోతే ఆ బూడిద రోడ్డు మీద ఎండి ప్రతి బండి వెనకా లేస్తుంది.

బోరు నీళ్ల విషయంలో ఒక్క పరీక్షతో ఎవరూ తేల్చలేరు. బూడిద ఊట చేరిందా లేదా అన్నది ముందుగా చెప్పేవి సల్ఫేట్, బోరాన్, మొత్తం కరిగిన లవణాలు. ఆర్సెనిక్, సెలీనియం ఆ తర్వాత చూడాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 400. ఆర్సెనిక్ 0.01. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మేలో, తర్వాత నవంబర్‌లో, అదే బోరు నుంచి నీళ్లు తీయాలి. చెరువుకు ఎగువన ఉన్న బోరు ఒకటి పోలికకు తప్పనిసరి. అది లేకపోతే మన నేలలో సహజంగా ఉన్న ఉప్పును బూడిద ఖాతాలో వేస్తాం, లేదా బూడిద ఉప్పును నేల ఖాతాలో వేస్తారు. మోటారు పది నిమిషాలు నడిపాకే పట్టాలి. బోరాన్ నమూనాను గాజు సీసాలో పట్టకూడదు, ల్యాబ్ గాజులోనే బోరాన్ ఉంటుంది. ప్లాస్టిక్ సీసా వాడాలి. లోహాల సీసాలో ల్యాబ్ వాళ్లు నత్రికామ్లం చుక్కలు వేసి ఇస్తారు, దాన్ని కడగకూడదు.

పొగ గురించి క్లుప్తంగా. యూనిట్ ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆయిల్ మండిస్తారు, అప్పుడు ఈఎస్పీకి పూర్తి కరెంటు ఇవ్వరు. ఒకటి రెండు గంటల నల్లపొగ అందువల్లే. రోజుల తరబడి బూడిద రంగు పొగ ఆగకపోతే ఈఎస్పీలో ఏదో ఒక భాగం (ఫీల్డు) పనిచేయడం లేదు. తీగ తెగి ఉండొచ్చు, హాపర్ నిండి ఉండొచ్చు, పలకల మీద బూడిద దులిపే సుత్తులు ఆగి ఉండొచ్చు. కూలింగ్ టవర్ మీద తెల్లగా లేచేది ఆవిరి మాత్రమే. 2015 డిసెంబర్ ప్రమాణాల్లో దుమ్ముకు పరిమితి యూనిట్ వయసును బట్టి ఉంది. 2003 చివరి దాకా వచ్చినవాటికి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 దాకా వచ్చినవాటికి 50, 2017 తర్వాతవాటికి 30. అందుకని మొత్తం ప్లాంటుకు ఒకే సగటు చెబితే ఒప్పుకోకూడదు, యూనిట్ల వారీగా అడగాలి.

ఇప్పుడు బెంచీల దగ్గరికి వద్దాం. వీటిలో ఎక్కువ పాడయ్యేది ఆర్వో ప్లాంటు. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటులో ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్, పొర గట్టకుండా యాంటీస్కేలెంట్ డోసింగ్ పంపు, ఆ తర్వాత హై ప్రెషర్ పంపు, నాలుగంగుళాల మెంబ్రేన్లు నాలుగు ఉంటాయి. ప్రారంభం రోజు అన్నీ పనిచేస్తాయి. ఆరు నెలలకు యాంటీస్కేలెంట్ డబ్బా అయిపోతుంది, కొనే బాధ్యత ఎవరిదో రాసి ఉండదు. మన బోర్లలో గట్టి నీళ్లు ఎక్కువ, మందు లేకుండా నడిపితే మెంబ్రేన్ మీద సున్నం గడ్డకడుతుంది. నీళ్లు తగ్గుతాయి, ప్రెషర్ పెంచి నడుపుతారు, రెండు మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్లు ఏడాదిలోనే పోతాయి. తర్వాత తాళం పడుతుంది.

తాళం పడకుండా ఉండాలంటే ఒప్పందంలోనే కొన్ని రాసుకోవాలి. 20 లీటర్ల టిన్ను 5 రూపాయలు, రోజుకు 150 టిన్నులు పోతే నెలకు 22,500. ఆపరేటర్ జీతం, కరెంటు బిల్లు, కార్ట్రిడ్జ్, మందు పోను మిగిలింది మెంబ్రేన్ నిధిగా విడిగా బ్యాంకులో వెయ్యాలి. టిన్ను ఉచితం అంటే ఆ నిధిని ఐదేళ్లకు సరిపడా కంపెనీయే ముందుగా జమ చెయ్యాలి. లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండింటి టీడీఎస్ (మొత్తం కరిగిన లవణాలు) రోజూ పుస్తకంలో రాయాలి. వంద లీటర్లు పంపితే నలభై యాభై లీటర్లు ఉప్పు నీళ్లుగా బయటికి పోతాయి, వాటిని రోడ్డు పక్కన వదిలేస్తే ఆ ఉప్పు మళ్లీ బోర్లోకే దిగుతుంది. టాయిలెట్ల ఫ్లషింగుకు మళ్లించే పైపు మొదటి రోజే వెయ్యాలి. అసలు కృష్ణా నీళ్ల పైపులైను వీధిలోకి వచ్చిన ఊరికి ఆర్వో ప్లాంటే వద్దు, అదే డబ్బుతో ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించి క్లోరినేటర్ పెట్టించడం మేలు.

మొక్కలకు కూడా ఇదే వర్తిస్తుంది. నాటిన సంఖ్య కాదు, రెండో వేసవి దాటిన సంఖ్య అడగాలి. రెండడుగుల ఘనపు గుంత, పశువుల ఎరువు, కంచె, రెండేళ్లు నీళ్లు లేకుండా నాటిన కానుగ, వేప కూడా బతకవు.

డబ్బు ఖర్చు మీద కూడా నిబంధనలు గట్టివే. 2021 జనవరి సవరణల తర్వాత కొనసాగుతున్న ప్రాజెక్టులో మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చెయ్యాలి. ప్రాజెక్టే లేని మిగులు ఆరు నెలల్లో చట్టం చెప్పిన నిధికి పోవాలి. ఆఫీసు ఖర్చులు 5 శాతం దాటకూడదు. కంపెనీ పనిచేసే ప్రాంతానికే మొదటి ప్రాధాన్యం అని చట్టం అంటోంది. అందుకని ఇబ్రహీంపట్నం, కొండపల్లి చుట్టుపక్కల ఊళ్లు అర్జీ పెట్టుకునేటప్పుడు ‘సాయం చెయ్యండి’ అని రాయక్కర్లేదు. పని పేరు, స్థలం సర్వే నంబరు, అంచనా, నిర్వహణ ఎవరిది, పంచాయతీ తీర్మానం నకలు జత చేసి ఆర్థిక సంవత్సరం మొదలయ్యే లోపు, అంటే జనవరి, ఫిబ్రవరిలోనే ఇవ్వాలి. మార్చిలో వచ్చే అర్జీకి దొరికేది మిగిలిన డబ్బుతో కొన్న కుట్టు మిషన్లే.

కాగితాలు అడగడానికి కూడా కాలం ఉంది. పర్యావరణ అనుమతి షరతుల అమలు మీద ఆరు నెలల నివేదిక జూన్ 1కి, డిసెంబర్ 1కి ఇవ్వాలి. వార్షిక పర్యావరణ ప్రకటన, ఫారం 5, సెప్టెంబర్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి. ప్రభుత్వ రంగ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగవచ్చు. ప్రైవేటుదైతే మండలిని అడగాలి, కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘కాలుష్యం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ‘నిబంధనల మేరకే ఉంది’ అన్న ఒక్క వాక్యం వస్తుంది. అక్టోబర్‌లో దరఖాస్తు పెట్టి, ఇలా రాయండి:

‘గత ఆర్థిక సంవత్సరంలో ఒక్కో యూనిట్ వారీగా కాల్చిన బొగ్గు టన్నులు, ఆ బొగ్గులో సగటు బూడిద శాతం, పొడిగా ఎత్తిన బూడిద టన్నులు, చెరువుకు పంపిన టన్నులు, చెరువు నుంచి తవ్వి పంపిన పాత బూడిద టన్నులు, అవి చేరిన వాడకాల వారీ పట్టిక, బూడిద చెరువు చుట్టూ ఉన్న పరిశీలన బోర్ల సంఖ్య, వాటి మే, నవంబర్ నెలల పరీక్షా నివేదికల నకళ్లు, ఫారం 5 నకలు ఇప్పించగలరు.’